నిద్రకి జోకొట్టే శబ్దం

రాత్రి పదకొండున్నరకి అమెరికా క్లయింట్‌తో కాల్. పడుకునేసరికి ఒంటిగంట. ఆరింటికల్లా లేవాలి. ఆ ఐదు గంటల్లోనే ఎనిమిది గంటల నిద్ర లాగేద్దామని నేనేం చేశానో తెలుసా? చెవుల్లో ఇయర్‌బడ్స్ పెట్టుకుని, యూట్యూబ్‌లో ‘డీప్ స్లీప్’ వీడియో ఆన్ చేసి పడుకున్నా. అలా మూడు నెలలు! ఓ రాత్రి రెండున్నరకి మధ్యలో యాడ్ మోగితే ఉలిక్కిపడి లేచా. మళ్లీ నిద్ర పట్టలేదు. తెల్లారి ఆఫీసులో టెస్ట్ సర్వర్ అనుకుని లైవ్ సర్వర్‌లో డేటా డిలీట్ చేసేశా. బ్యాకప్ ఉంది కాబట్టి ఉద్యోగం మిగిలింది.

అప్పుడు కూర్చుని ఈ సంగతేంటో చదివా. శబ్దంతో గాఢనిద్రని పెంచొచ్చన్నది ఉత్త కబురు కాదు. గాఢనిద్రలో మెదడులో నెమ్మదైన విద్యుత్ అలలు లేస్తుంటాయి, ఇంచుమించు సెకనుకొకటి. 2013లో జర్మనీ పరిశోధకులు 11 మందికి పడుకునే ముందు జంట పదాలు నేర్పించారు. వాళ్లు నిద్రపోయాక తలకి అతికించిన ఎలక్ట్రోడ్లతో ఆ అలల్ని గమనిస్తూ, అల పైకి లేచే క్షణానికి సరిపోయేలా చిన్న ‘పింక్ నాయిజ్’ చప్పుడు వినిపించారు. ఒక్కోటి 50 మిల్లీసెకన్లే. అలలు బలపడ్డాయి, పొద్దున్నే పదాలూ ఎక్కువ గుర్తొచ్చాయి. అదే చప్పుడు అలతో కలవకుండా వినిపిస్తే మాత్రం ఫలితం లేదు.

ఉయ్యాల ఊపడం లాంటిదే ఇది. సరైన క్షణంలో వేలితో తోసినా ఎత్తుకి వెళ్తుంది. ఎదురొచ్చేటప్పుడు తోస్తే ఆగిపోతుంది. మా భాషలో దీన్ని ఫీడ్‌బ్యాక్ లూప్ అంటాం. మా అమ్మమ్మకి ఆ మాట తెలీదు కానీ, జోకొడుతూ పాప కళ్లు మూతపడుతుంటే చెయ్యి తనే నెమ్మది చేసేది.

నా వీడియోకి ఆ చూపే లేదు. నేను గాఢనిద్రలో ఉన్నానా, మెలకువగా ఉన్నానా దానికి తెలీదు. బయటి రొద వినపడకుండా చేస్తుందేమో, అంతే. మెదడు అలల్ని చదివి శబ్దం వినిపించే హెడ్‌బ్యాండ్లూ వచ్చాయి. అయితే తర్వాతి ప్రయోగాల్లో అలలు బలపడినా జ్ఞాపకశక్తి ప్రతిసారీ పెరగలేదు. కాబట్టి ఏదైనా కొనేముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: ఇది నా నిద్రని గమనిస్తోందా, ఊరికే మోగుతోందా?

ఇంకో మాట. ఎంత మంచి శబ్దమైనా, ఉన్న నిద్రనే కాస్త గట్టిపరుస్తుంది. లేని గంటల్ని తెచ్చివ్వదు. నాకు లేనివి ఆ గంటలే. అందుకే భయపడుతూనే మా లీడ్‌ని అడిగా. వారంలో మూడు రోజులు కాల్ తొమ్మిదికి మారింది. ఆ రోజుల్లో పదకొండుకల్లా పడుకుంటున్నా. చెవుల్లో ఏమీ లేదు, ఫ్యాన్ చప్పుడు తప్ప.