సైనిక సన్నద్ధత, కార్మికుని శ్రమ

రాయపూర్‌లో నాగపూర్ వైపు వెళ్ళే రైలు ఎక్కిన ప్రయాణికునికి కొద్దిసేపటిలోనే భిలాయి ఉక్కు కర్మాగారపు పొగగొట్టాలు కనిపిస్తాయి. ఆ కర్మాగారంలోనూ, ఈ రైల్వేలోనూ తరాల తరబడి పనిచేస్తూ వచ్చిన తెలుగు కుటుంబాలు ఈ ప్రాంతంలో ఎన్నో ఉన్నాయి. 2022 సెప్టెంబరు 2న నౌకాదళంలో చేరిన విమానవాహక నౌక విక్రాంత్‌కు వాడిన దాదాపు 30,000 టన్నుల ప్రత్యేక ఉక్కు భిలాయి, బొకారో, రూర్కెలా ప్రభుత్వరంగ కర్మాగారాలలో తయారైనదే. ఆ ఉక్కు తయారీ విధానాన్ని రూపొందించినది హైదరాబాదులోని రక్షణ లోహ పరిశోధనాశాల. విదేశాలనుంచి రావలసిన ఉక్కు రాకపోయినప్పుడు మన శాస్త్రజ్ఞులూ, మన కార్మికులూ కలసి ఆ లోటు తీర్చారు. ఇది గర్వించదగిన విషయమే.

అదే రైలులో ఇంకా ముందుకు వెళ్తే భండారా వస్తుంది. అక్కడి ఆయుధ కర్మాగారంలో 2025 జనవరి 24న జరిగిన పేలుడులో ఎనిమిది మంది ప్రాణాలు కోల్పోయారు. నాగపూర్, వార్ధా దాటితే పుల్గావ్. అక్కడి కేంద్ర మందుగుండు డిపోలో 2016 మే 31న చెలరేగిన మంటలను ఆర్పబోయి అగ్నిమాపక సిబ్బంది, వారితోపాటు సైనికాధికారులు బలి అయ్యారు. 2018 నవంబరులో ఆ డిపో సమీపంలోనే కాలం చెల్లిన మందుగుండును ధ్వంసం చేసే పనిలో మరో ఆరుగురు మరణించారు. వారిలో ఎక్కువమంది కాంట్రాక్టు కూలీలు. ఒకే రైలు మార్గం మీద గర్వకారణమూ ఉంది, కన్నీరూ ఉంది. ఈ రెండింటినీ కలిపి చూడకుండా దేశరక్షణ గురించి మాట్లాడటం అసంపూర్ణమని మేము భావిస్తున్నాము.

సైనిక సన్నద్ధత అనగానే గణతంత్ర దినోత్సవ కవాతు మన కళ్ళముందు మెదులుతుంది. అయితే సైన్యం ఎన్ని రోజులు నిలిచి పోరాడగలదన్నది తేల్చేది గిడ్డంగిలో ఉన్న గుళ్ళ సంఖ్య, మరమ్మతుకు వెళ్ళి తిరిగివచ్చిన వాహనాల సంఖ్య, పని నేర్చిన చేతుల సంఖ్య. ఈ లెక్కలు ఎలా ఉన్నాయో కాగ్ నివేదికలే చెప్పాయి. నలభై రోజుల తీవ్రయుద్ధానికి సరిపడా మందుగుండు నిల్వ ఉండాలన్నది నియమం. 2013 మార్చి నాటికి సగం రకాలు పది రోజులకు కూడా చాలవని 2015 నివేదిక వెల్లడించింది. 2016 సెప్టెంబరు నాటి పరిస్థితిని పరిశీలించిన 2017 నివేదిక ప్రకారం 152 రకాలలో 61 రకాలు పది రోజుల లోపు నిల్వతోనే ఉన్నాయి. నలభై రోజుల నియమాన్ని అందుకున్నవి 31 మాత్రమే. ఇవి ప్రతిపక్షాల ఆరోపణలు కావు, రాజ్యాంగబద్ధమైన సంస్థ పార్లమెంటు ముందుంచిన లెక్కలు.

2018లో సైనిక ఉపప్రధానాధికారి లెఫ్టినెంట్ జనరల్ శరత్ చంద్ పార్లమెంటు రక్షణ స్థాయీ సంఘం ముందు మరింత స్పష్టంగా చెప్పారు. సైన్యం చేతిలోని సామగ్రిలో 68 శాతం పాతబడినదనీ, అత్యాధునికమైనది 8 శాతమే అనీ తెలిపారు. అప్పటికే ఒప్పుకున్న 125 పథకాలకు చెల్లించవలసినది 29,033 కోట్ల రూపాయలు కాగా ఆధునికీకరణకు కేటాయించినది 21,338 కోట్లు మాత్రమే. అనగా కొత్త ఆయుధాల మాట అటుంచి, పాత బాకీలు తీర్చడానికే ఆ డబ్బు చాలలేదు. ఇల్లు నడిపే ఏ గృహిణికైనా అర్థమయ్యే లెక్క ఇది. వైమానిక దళానిదీ ఇదే దుస్థితి. మంజూరైన యుద్ధవిమాన స్క్వాడ్రన్లు 42. 2025 సెప్టెంబరు 26న చివరి మిగ్-21 విమానాలకు వీడ్కోలు పలికేనాటికి మిగిలినవి 29. వాటి స్థానంలోకి రావలసిన తేజస్ కొత్త శ్రేణి విమానాల సరఫరా 2024 మార్చిలోనే మొదలు కావలసి ఉండగా, విదేశీ ఇంజన్లు సకాలంలో అందక ఆలస్యమైంది.

డబ్బు లేదా అంటే, ఉన్నదంటారు. 2025-26 రక్షణ బడ్జెట్ 6.81 లక్షల కోట్లు. కాని 2024-25లో కొత్త సామగ్రికై కేటాయించిన 1.72 లక్షల కోట్ల మూలధన వ్యయాన్ని సవరించిన అంచనాలలో 12,500 కోట్లు తగ్గించారు. ఒకవైపు చాలదంటూ, మరోవైపు ఇచ్చినది ఖర్చు చేయలేక వెనక్కి పంపే విచిత్రం ఏటేటా చూస్తున్నాము. ఒప్పందాలు ఏళ్ళ తరబడి బల్లల మీద నలుగుతాయి. ఉపద్రవం ముంచుకొచ్చాక అత్యవసర కొనుగోళ్ళకు పరుగెత్తుతారు. 1999 కార్గిల్ యుద్ధ సమయంలో హడావిడిగా కొన్న సామగ్రిలో అత్యధిక భాగం యుద్ధం ముగిశాకే చేరిందని కాగ్ అప్పుడే తప్పుపట్టింది. 2016లో ఉరీ ఘటన తరువాత మరల అత్యవసర అధికారాలు ఇచ్చారు. దానివల్ల నిల్వలు కొంత మెరుగుపడిన మాట నిజమే. 2025 మే నెల ఘర్షణ తరువాతి జూన్‌లో అదే పద్ధతిలో 1,981.90 కోట్ల విలువగల 13 ఒప్పందాలు ప్రకటించారు. దాహం వేసినప్పుడు బావి తవ్వే ఈ అలవాటు ఇంకా పోలేదు.

ఈ అలవాటుకు మూల్యం చెల్లించేది ఎవరు? 2016 జులై 22న చెన్నై నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు బయలుదేరిన వైమానిక దళపు ఏఎన్-32 విమానం బంగాళాఖాతంలో అదృశ్యమైంది. అందులోని 29 మందిలో ఎనిమిది మంది విశాఖపట్నం నౌకాదళ ఆయుధ డిపో పౌర ఉద్యోగులు. యూనిఫారం లేని మనవాళ్ళు, పనిమీద అండమాన్‌కు వెళ్తున్నవాళ్ళు. విమాన శకలాలు సముద్రగర్భంలో గుర్తించినట్లు 2024 జనవరిలో ప్రకటించేవరకు ఆ కుటుంబాలు ఏడున్నర సంవత్సరాలు ఎదురుచూశాయి. ఆ ప్రమాదానికి విమానం వయస్సే కారణమని మేము అనడం లేదు. కాని 1980లలో కొనుగోలు ప్రారంభమైన విమాన శ్రేణిని అన్ని దశాబ్దాల తరువాత కూడా మార్చకుండా నడపవలసివచ్చిన దేశం ఆ ఎనిమిది కుటుంబాల ముందు తలవంచుకోక తప్పదు.

ఇక కర్మాగారాల సంగతి. 41 ఆయుధ కర్మాగారాలను నడిపిన బోర్డును 2021 అక్టోబరు 1న రద్దుచేసి ఏడు కంపెనీలుగా విభజించారు. మన సంగారెడ్డి జిల్లా ఎద్దుమైలారంలోని కర్మాగారం, సైన్యపు బీఎంపీ-2 కవచవాహనాలకు పుట్టినిల్లు, ఆవడిలోని కవచవాహనాల కంపెనీ కిందికి వెళ్ళింది. రక్షణరంగ సమాఖ్యలు ఈ నిర్ణయాన్ని వ్యతిరేకించి సమ్మెకు సిద్ధమైనప్పుడు చర్చల దారి వదలి, 2021 జూన్ 30న ఆర్డినెన్సు తెచ్చి సమ్మె హక్కునే నిషేధించారు. అంతకు ముందే 2017లో దుస్తులు మొదలైన అనేక వస్తువులు కీలకం కానివంటూ వాటి ఆర్డర్లను బయటి మార్కెట్టుకు తెరిచారు. పని ఉన్న ఏడు నిండుగా, పని లేని ఏడు ఖాళీగా నడిచే కర్మాగారంలో యంత్రానికి తుప్పు పడుతుంది. నైపుణ్యం పదవీ విరమణ చేసి ఇంటికి వెళ్ళిపోతుంది. అది తిరిగి రాదు. ఐరోపా అనుభవం చూడండి. ఉక్రెయిన్‌కు సంవత్సరంలో పది లక్షల ఫిరంగి గుళ్ళు ఇస్తామని 2023 మార్చిలో ప్రకటించిన ఐరోపా సమాజం 2024 మార్చి నాటికి సగానికి కాస్త పైగా మాత్రమే ఇవ్వగలిగింది. అంతటి సంపన్న దేశాలకు సైతం, ఉత్పత్తి శక్తిని చిక్కిపోనిచ్చాక డబ్బు కుమ్మరించినంత మాత్రాన గుళ్ళు పుట్టలేదు.

ఈ సందర్భంలో మా వైపు లోపాన్ని కూడా దాచుకోదలచలేదు. ఆయుధ కర్మాగారాల నుంచి సకాలంలో సరఫరా జరగలేదనీ, నాణ్యత చాలలేదనీ కాగ్ అదే 2017 నివేదికలో తప్పుపట్టింది. దీనికి యాజమాన్యమే కారణమని చేతులు దులుపుకోవడం సులభం. పాత యంత్రాలు, నాసిరకపు ముడిసరకు, తనిఖీలో అలసత్వం, ఇవన్నీ నిజమే. అయినా లోపమున్న గుండు గొట్టంలోనే పేలితే చనిపోయేది ఒక రైతు కొడుకు, ఒక కార్మికుని అన్న. నాణ్యత విషయంలో రాజీపడిన చోట ఆ పనిని ఆపించే ధైర్యం మన సంఘాలకు ఉండాలి. భత్యాల కోసం గేటు ముందు ఎంత గట్టిగా నినదిస్తామో, దోషమున్న సరకు గేటు దాటకుండా అంత గట్టిగా అడ్డుపడాలి. అప్పుడే ప్రభుత్వరంగాన్ని కాపాడమని ప్రజలను అడిగే నైతిక హక్కు మనకు దక్కుతుంది.

సైనికుని ఉద్యోగం కూడా తాత్కాలికమైపోయింది. 2020 నుంచి రెండేళ్ళు నియామకాలు నిలిపివేశారు. సైన్యంలో లక్షకు పైగా ఖాళీలున్నాయని 2022లో ప్రభుత్వమే పార్లమెంటుకు తెలిపింది. ఆ ఏడాది జూన్ 14న అగ్నిపథ్ పథకం ప్రకటించారు. నాలుగేళ్ళ కొలువు, ఆపైన నాలుగో వంతుకు మించకుండా కొనసాగింపు, మిగిలినవారికి పింఛను లేదు. మూడు రోజులకే సికింద్రాబాద్ స్టేషనులో నిరాశ మంటలై లేచింది, ఒక యువకుడు పోలీసు కాల్పులలో మరణించాడు. రైళ్ళను తగులబెట్టడాన్ని మేము సమర్థించము. అయితే ఆ యువకుల ప్రశ్నకు ఇప్పటికీ సమాధానం రాలేదు. పింఛను భారం పెరిగిందని వాపోయే పాలకులు సంక్లిష్టమైన ఆయుధాన్ని నడపడం నేర్చిన మనిషిని నాలుగేళ్ళకు ఇంటికి పంపడం వల్ల కలిగే నష్టాన్ని ఏ పద్దులో రాస్తారు? పుల్గావ్‌లో మందుగుండు మోసిన కాంట్రాక్టు కూలీకి, ఈ అగ్నివీరునికి మధ్య చాలా తేడా ఉన్నట్లు కనిపించవచ్చు. కాని ఇద్దరిచేతా ప్రాణాపాయపు పని చేయించుకుంటూ ఇద్దరికీ భవిష్యత్తుపై హామీ లేకుండా చేసినది ఒకే ఆలోచన.

మేము యుద్ధాన్ని కోరేవాళ్ళము కాము. కార్మికవర్గానికి శాంతి కంటె ప్రియమైనది లేదు. యుద్ధం వస్తే ముందుగా ఖాళీ అయ్యేది మన ఇళ్ళే. కాని నిరాయుధంగా, అరకొర సామగ్రితో మన బిడ్డలను సరిహద్దుకు పంపడం శాంతికాముకత కాదు. 1962లో నూలు దుస్తులతో, పాత రైఫిళ్ళతో హిమాలయాల మంచులోకి పంపిన పాఠాన్ని జాతి మరచిపోరాదు.

కనుక మా డిమాండ్లు స్పష్టంగా ఉంచుతున్నాము. రక్షణ ఆధునికీకరణకు ఏడాది చివర మురిగిపోని ప్రత్యేక నిధి కావాలి. పదిహేనవ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి 2,38,354 కోట్లతో ఇటువంటి నిధినే సిఫారసు చేసింది, కేంద్రం సూత్రప్రాయంగా అంగీకరించింది. అది అంగీకారంతోనే ఆగరాదు. ప్రభుత్వరంగ ఆయుధ కర్మాగారాలకు కనీసం అయిదేళ్ళకు సరిపడే స్థిరమైన ఆర్డర్లు ముందుగా ఇవ్వాలి. పేలుడు పదార్థాల దగ్గర కాంట్రాక్టు కూలీలను నియమించే పద్ధతి రద్దు కావాలి. ప్రతి ప్రమాదంపై విచారణ నివేదికను కార్మిక ప్రతినిధులకు అందజేయాలి. అగ్నిపథ్‌ను పునఃపరిశీలించి స్థిరమైన నియామకాలను పునరుద్ధరించాలి.

ఈ డిమాండ్లను ప్రతి శాఖా సమావేశంలో చర్చించి తీర్మానాలు పంపవలసిందిగా రాయపూర్, భిలాయి, బిలాస్‌పూర్ మొదలుకొని ఎద్దుమైలారం, విశాఖ వరకు గల సంఘాలను కోరుతున్నాము. తీర్మానంతోపాటు తమ కర్మాగారంలో ఏ యంత్రం ఎన్నాళ్ళుగా మూలపడి ఉన్నదో, ఏ ఖాళీ ఎన్నాళ్ళుగా భర్తీ కాలేదో రాసి పంపండి. రహస్య సమాచారం జోలికి పోకుండానే రాయగలిగినది చాలా ఉంది. దేశం ముందు పెట్టవలసిన లెక్క అదే, దాన్ని రాయగలిగినవారు ఆ యంత్రం పక్కన నిలబడి పనిచేసేవారే.