అవగాహన ఎవరికి లేదు?

"మీవాళ్లకు అవగాహన లేదు సార్. జబ్బు ముదిరిందాకా ఆసుపత్రికి రారు."

టీచరుగా పనిచేస్తున్న ఇన్నేళ్లలో ఈ మాట ఎన్ని మీటింగుల్లో విన్నానో లెక్క లేదు. విన్న ప్రతిసారీ తల దించుకున్నాను. ఇక దించుకోను. ఎందుకో చెబుతాను.

మా మామది నల్లమల అంచున ఒక చెంచుగూడెం. నెల రోజులుగా దగ్గు. సాయంత్రమైతే జ్వరం. మనిషి సగమయ్యాడు. ఎవరూ చెప్పకుండానే బస్సెక్కి ఆసుపత్రికి పోయాడు. ఓపీ చీటీ రాయించుకుని, వరసలో నిలబడి, దగ్గు మందు సీసాతో తిరిగొచ్చాడు. పదిహేను రోజులకు మళ్లీ పోయాడు. ఈసారి కళ్లె పరీక్ష రాశారు. ల్యాబుకు పోతే "ఈ పొద్దుకు అయిపోయింది, రేపు పొద్దున్నే రా పెద్దాయనా" అన్నారు. గూడెం నుంచి వచ్చే తొలి బస్సు ఆడికి చేరేసరికే పదిన్నర. పొద్దున్నే ఎట్లా వస్తాడు? ఇంకో సీసా పట్టుకుని ఇంటికొచ్చాడు. మూడోసారి నేను వెంట పోతే గాని పరీక్ష జరగలేదు. టీబీ అని తేలింది. ఆరు నెలలు మందులు మింగి బతికాడు. కానీ అప్పటికే ఆయన పక్కలో పడుకునే మనవరాలికి సోకింది. ఆ పిల్ల మా బడిలోనే రెండో తరగతి చదువుతోంది.

రెండు వారాలు, అంతకు మించి దగ్గు ఉంటే టీబీ పరీక్ష చేయాలన్నది దేశమంతటికీ ఉన్న నియమం. మామ కూర్చున్న బెంచీ పైన గోడకు ఆ పోస్టరు అతికించే ఉంది. ఆయనకు చదువు రాదు. చదువొచ్చిన వాళ్లెవరూ "ఎన్నాళ్ల నుంచి దగ్గుతున్నావు?" అని అడగలేదు. ఇప్పుడు చెప్పండి, అవగాహన ఎవరికి లేదు?

ఇది నిన్నమొన్నటి సంగతి కూడా కాదు. మన రాయలసీమలోనే, మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో 1915 నుంచి టీబీకి వైద్యం జరిగింది. మన అనంతపురానికి పక్కనున్న కర్ణాటక తుమకూరు జిల్లా పల్లెల్లో దేబబర్ బెనర్జీ, స్టిగ్ ఆండర్సన్ అనే పరిశోధకులు టీబీ రోగులతో మాట్లాడి, తేలింది 1963లో అచ్చు వేశారు. దాదాపు అందరికీ తమ ఒంట్లో బాగాలేదని తెలుసు. సగం మందికి పైగా అప్పటికే వైద్యం కోసం ఆసుపత్రి గడప తొక్కారు. అక్కడ దొరికింది దగ్గు మందే. అరవై ఏళ్లు దాటినా ఆ సీసా మారలేదు, మన మీద వేసే నింద కూడా మారలేదు.

నేను డాక్టర్ల మీద కోపంతో రాయడం లేదు. మూడు గంటల ఓపీలో వందమంది వస్తే ఒక్కొక్కరికి రెండు నిమిషాలు కూడా రావు. ఆ రెండు నిమిషాల్లో నియమం గుర్తుకు రావాలంటే, దాన్ని గుర్తుచేసే ఏర్పాటు ఆసుపత్రిలో ఉండాలి. మొదటి బల్ల దగ్గర ఎవరు కూర్చుంటారు, ఏం అడుగుతారు? ల్యాబు ఎన్ని గంటలకు మూస్తారు? పరీక్షకు రాసిన మనిషి మళ్లీ రాకపోతే ఎవరు వెతుకుతారు? నియమం అమలయ్యేదీ చచ్చేదీ ఇక్కడే.

మనం టీచర్లం, ఈ సంగతి మనకు తెలియనిది కాదు. ఒకప్పుడు గూడెం పిల్లలు, తండా పిల్లలు బడికి రాకపోతే తల్లిదండ్రులకు అవగాహన లేదనే అన్నాం. 2003 నుంచి బడిలో మధ్యాహ్నం వేడి అన్నం పెడుతుంటే పిల్లలు పలకలు పట్టుకుని వచ్చారు. అవే తల్లులు, అవే పిల్లలు. మారింది బడి. ఆసుపత్రి ఎందుకు మారకూడదు?

మనకు ఇంకో చిక్కు ఉంది. కర్నూలు, కడప జిల్లాల్లో ఐదో షెడ్యూల్ ప్రాంతం అంగుళం కూడా లేదు. చెంచులం, యానాదులం, ఎరుకలం, సుగాలీలం ఉన్నాం గాని పటంలో గిరిజన ప్రాంతం లేదు. ఏ సాయం అడిగినా "మీది షెడ్యూల్డ్ ఏరియా కాదు కదా" అన్న మాటే ముందు వినపడుతుంది. టీబీ పటం చూసి రాదు.

2025 కల్లా టీబీ లేని దేశం చేస్తామని 2018లో ఢిల్లీలో ప్రకటించారు. ఆ గడువూ దాటిపోయింది. మనం అడగాల్సినవి పెద్ద భవనాలు కావు. ఓపీ చీటీ రాసే చోటే "దగ్గు ఎన్నాళ్లు?" అని అడిగి చీటీ మీద రాయాలి. మనిషిని తిప్పకుండా కళ్లె డబ్బాను తిప్పాలి. ఆశా కార్యకర్త గూడెంలో తీసుకుంటే, ల్యాబుకు చేర్చే బండి ఉండాలి. పరీక్షకు రాసిన ప్రతి పేరు ఒక రిజిస్టరులో ఉండాలి. రానివాళ్ల కోసం ఎవరో ఒకరు గూడేనికి రావాలి. టీబీ తేలిన ఇంట్లో చిన్నపిల్లలను అదే వారంలో చూడాలి. కరువు పని మానుకుని కూలి పోగొట్టుకుని వచ్చినవాడిని ఉత్త చేతులతో "రేపు రా" అని పంపకూడదు.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, టీచరు మిత్రులారా! అది జరిగేలోపు మన చేతిలో ఒక పని ఉంది. గూడెంలో, తండాలో ఎవరైనా దగ్గుతుంటే దగ్గు మొదలైన తేదీ కాగితం మీద రాయండి. రెండు వారాలు నిండితే దాని కిందే "టీబీ పరీక్ష చేయగలరు" అని రాసి, సంతకం పెట్టి ఇచ్చి పంపండి. నేను ఇప్పుడు అదే చేస్తున్నాను. చీటీ చూశాక పరీక్ష రాయకుండా పంపడం ఎవరికైనా కష్టమే.

ఈసారి మీటింగులో ఎవరైనా అవగాహన మాట ఎత్తితే, లేచి నిలబడండి. "మావాళ్లు మూడుసార్లు వచ్చారు సార్. మీరు ఒక్కసారైనా అడిగారా?" అనండి.