పైమెరుగు క్రింద ఏమున్నది?

షార్జాలో ఉద్యోగం చేస్తున్న మీ అబ్బాయి వాట్సాప్‌లో ఒక ఫోటో పంపాడనుకోండి. ఎర్రని ఫోర్డ్ మస్టాంగ్, అమెరికా నుండి దిగుమతి అయినది, ధర మార్కెట్ కంటే ఎంతో తక్కువ. “అబ్బాజాన్, కొనమంటారా?” అని అడుగుతున్నాడు. ఏళ్ల తరబడి కూడబెట్టిన సొమ్ము కనుక సమాధానం ఆలోచించి చెప్పాలి.

ఇంత చౌకకు కారణమేమిటి? అమెరికాలో ప్రమాదానికో వరదకో గురైన కారును బాగుచేయడం గిట్టుబాటు కాదని తేలితే బీమా సంస్థ యజమానికి పరిహారమిచ్చి, దానిని వేలంలో అమ్ముతుంది. కాగితాలపై ‘సాల్వేజ్’ అనే ముద్ర పడుతుంది. అటువంటి కార్లు అనేకం ఓడలలో గల్ఫ్ చేరి, రంగులద్దుకొని మళ్లీ అమ్మకానికి వస్తాయి.

ముందుగా 17 అక్షరాలూ అంకెలూ గల ఛాసిస్ నంబరును చూడాలి. అద్దం క్రింద ఉన్నదీ, తలుపు అంచున ఉన్నదీ ఒక్కటే కావాలి. ఆ నంబరుతో అమెరికా నాటి చరిత్ర నివేదికను రుసుము చెల్లించి తెప్పించుకోవచ్చు. ప్రమాదం తర్వాత తీసిన వేలం ఫోటోలు దొరికితే మరీ మంచిది.

తాళం తిప్పగానే ఎయిర్‌బ్యాగ్ దీపం క్షణకాలం వెలిగి ఆరిపోవాలి. అసలు వెలగకపోతే దానిని ఎవరో తొలగించారని అనుమానించాలి. సీటుబెల్టును చివరిదాకా లాగి చూడండి. అడుగున బురద మరకలుంటే అది వరదలో మునిగిన కారు కావచ్చు. బానెట్ లోపలి కమ్మీలపై కొత్త అతుకులు, టైర్ల ఒకవైపు అరుగుదల ఉంటే ఛాసిస్ వంగిందేమో మెకానిక్‌తో కొలిపించాలి. ఈ మెకానిక్ అమ్మేవాని మనిషి కాకూడదు.

ఇక మార్పుచేర్పులు. టర్బో, క్రిందికి దించిన స్ప్రింగులు, గర్జించే సైలెన్సర్ కారు విలువను పెంచవు. అనుమతి లేని ఇంజన్ మార్పు అక్కడ శిక్షార్హం. వాటిని తొలగించే ఖర్చు కొనేవాడే భరించాలి. ఉదాహరణకు కారు 45 వేల దిర్హములు, మరమ్మతు, ఎయిర్‌బ్యాగులు 15 వేలు, మార్పుల తొలగింపు 8 వేలు అనుకుంటే మొత్తం 68 వేలు. మచ్చలేని కారు 70 వేలకు దొరికేటప్పుడు ఈ బేరమెందుకు? పైగా దానిని ఇంటికి తెచ్చుకోలేము. మన దేశంలోకి పాత కారు రావాలంటే స్టీరింగ్ కుడివైపే ఉండాలి, తయారై 3 ఏళ్లు మించకూడదు.

ధాన్యపు రాశిలోకి చేయి పోనిచ్చి, లోపలి తడిని కనుగొన్న దైవప్రవక్త (స), దానిని పైకి కనిపించేలా ఉంచలేదేమని వర్తకుణ్ణి ప్రశ్నించారు. కొనేవారు లోపలి దాకా చూడాలి. రేపు అమ్మవలసి వస్తే, ఆ తడిని పైకి చూపవలసిన బాధ్యత మీ అబ్బాయిదే. “ఈ కారు లోపాలన్నీ చెప్పి అమ్మగలవా?” అని అతణ్ణి అడగండి. తడబడితే ఆ ఫోటోను అక్కడే వదిలేయమనండి.