మెరుపు చూసి ల్యాప్‌టాప్ మార్చాలా?

ఈ రోజు సేద్యం సంగతి కాదు, కానీ సేద్యం డబ్బుల సంగతే.

మా పాప డిగ్రీ చదవతా ఉంది. ఇంట్లో ఉండేది ఎనిమిదేళ్ల నాటి ల్యాప్‌టాప్, విండోస్ 10. మొన్న చిత్తూరులో ఒక షాపుకు తీసుకపోతే, కొత్త దాంట్లో విండోస్ 11 వేసి చూపించినారు. గుండ్రటి మూలలు, గాజు మాదిరి మెరుపు. 45 వేలంట. పాప మనసు పడింది. నేను బస్సులో లెక్కేసుకున్నా. 2025లో తోతాపురికి ఫ్యాక్టరీ 8, గవర్నమెంటు 4, కలిపి కిలోకి 12 రూపాయలన్నారు గదా. ఆ లెక్కన 45 వేలంటే 3,750 కిలోల కాయ.

ఈ మెరుపు కొత్తదేం కాదు. 2007లో విస్టా వచ్చినప్పుడు 'ఏరో' అని గాజు కిటికీలు పెట్టినారు. దానికి పాత కంప్యూటర్ల గ్రాఫిక్స్ చాలక ఎంతోమంది కొత్తవి కొన్నారు. 2012లో విండోస్ 8 వచ్చేసరికి ఆ గాజును వాళ్లే తీసేసినారు. 2025లో ఆపిల్ వాళ్లు 'లిక్విడ్ గ్లాస్' అని మళ్లీ గాజే తెచ్చినారు. ఇదంతా తెల్లబెల్లం కథ. సంతలో తెల్లగా మెరిసేదానికి ఎగబడతారు. ఆ తెలుపు హైడ్రోస్‌ది, తీపిది కాదని గానుగ కాడ ఉండే మనకు తెలుసు.

ఆటలాడే పిలకాయలకు, వీడియో ఎడిటింగ్‌తో సంపాదించేవాళ్లకు మంచి గ్రాఫిక్స్ కావాల్సిందే, కాదనను. అయినా ఆటలకు వాడే డైరెక్ట్‌ఎక్స్ 12 విండోస్ 10లోనూ ఉంది. పాఠాలు వినే, ఫారాలు నింపే మన బిడ్డలకు మెరుపుతో పనేముంది?

అట్లని పాతదాన్నే పట్టుకొని కూర్చోమని కూడా చెప్పను. షాపులో చెప్పని అసలు సంగతి వేరే ఉంది. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలు భద్రతా అప్‌డేట్లు ఆగిపోయినాయి. అంటే కంచెకు సందు పడితే పూడ్చే మనిషి లేడు. అదే ల్యాప్‌టాప్‌లో బ్యాంకు పని చేస్తాం, ఆధార్ పెడతాం. మార్చాలంటే దీనికోసం మార్చాల, మెరుపు కోసం కాదు.

మేం చేసింది చెప్తా. ముందు మైక్రోసాఫ్ట్ వాళ్ల 'పీసీ హెల్త్ చెక్' వేసి చూసినాం. మాది పాత ప్రాసెసర్, విండోస్ 11కి పనికిరాదనింది. మీది పనికొస్తే అప్‌గ్రేడ్ ఉచితమే, కొత్తది కొనే పనే లేదు. మాకు రాలేదు కాబట్టి, అదనపు భద్రతా అప్‌డేట్లకు చేరినాం. మైక్రోసాఫ్ట్ అకౌంటుతో సెట్టింగ్స్ సింక్ చేసుకుంటే రూపాయి కట్టకుండా 2026 అక్టోబరు 13 దాకా వస్తాయి. పాత హార్డ్ డిస్క్ తీసి ఎస్‌ఎస్‌డి వేయించినాం. సెట్టింగ్స్‌లో ట్రాన్స్‌పరెన్సీ ఆపేసినాం. ఇప్పుడు గబగబా తెరుచుకుంటా ఉంది.

గడువు అయిపోయినాక ఏం చేయాలో అప్పటికి చూస్తాం. ఉచితంగా దొరికే లినక్స్ మింట్ ఉంది, అయితే కాలేజీ పనులు దాంట్లో అవుతాయో లేదో ముందు కనుక్కోవాల. లేదంటే కొత్తదే కొంటాం. ఆ డబ్బు కాయ అమ్మినాక ఇయ్యాల గానీ, వడ్డీకి తెచ్చి కాదు.

పాప రెండు రోజులు మొహం ముడుచుకునింది. మూడో రోజు నుంచి అదే ల్యాప్‌టాప్‌లో చదువుకుంటా ఉంది.