రాజీల లెక్క కాదు, రక్షణ లెక్క చూద్దాం

గృహహింస నుంచి మహిళల రక్షణ చట్టాన్ని పార్లమెంటు 2005లో ఆమోదించింది. 2006 అక్టోబరు 26 నుంచి అది అమల్లో ఉంది. ఇంతకాలం తరువాత, 2025 మే 20న, సుప్రీంకోర్టు రాష్ట్ర ప్రభుత్వాలకు ఒక ఆదేశం ఇవ్వాల్సి వచ్చింది. రక్షణాధికారులు లేనిచోట, స్త్రీ శిశు సంక్షేమ శాఖలో జిల్లా, తాలూకా స్థాయి అధికారులను గుర్తించి, ఆరు వారాల్లోగా ఆ బాధ్యత అప్పగించమని జస్టిస్ బి.వి. నాగరత్న, జస్టిస్ సతీశ్ చంద్ర శర్మల ధర్మాసనం చెప్పింది. చట్టం గురించి ప్రజలకు తెలియజేయాలనీ, బాధితులకు ఉచిత న్యాయ సహాయం అందేలా చూడాలనీ కూడా కోరింది. ఇన్నేళ్లు గడిచాక కూడా "అధికారిని పెట్టండి" అని కోర్టు చెప్పవలసి వచ్చిందంటే, కాగితం మీది చట్టానికీ ఊళ్లోని స్త్రీకీ మధ్య ఎంత దూరం మిగిలిపోయిందో అర్థమవుతుంది.

ఆ దూరాన్ని మన పల్నాడు నుంచే చూద్దాం. నరసరావుపేటకూ పిడుగురాళ్లకూ మధ్య ఉన్న మండలం నకరికల్లు. 2022 ఏప్రిల్ 4న పల్నాడు జిల్లా ఏర్పడి, నరసరావుపేట జిల్లా కేంద్రం అయింది. అంతకుముందు ప్రతి జిల్లా స్థాయి పనికీ గుంటూరు పోవలసి వచ్చేది. ఆ మేరకు దూరం తగ్గింది. అయినా 28 మండలాలున్న జిల్లాలో సహాయం జిల్లా కేంద్రంలో మాత్రమే ఉంటే, కూలికి వెళ్లే స్త్రీకి అది దూరమే. ఆ రోజు కూలి పోతుంది. బస్సు ఛార్జీ కావాలి. చంటిబిడ్డను ఎవరికో అప్పజెప్పాలి. అన్నిటికీ మించి, సాయంత్రం ఇంటికి వచ్చాక "పొద్దున్నుంచీ ఎక్కడికి పోయావు?" అన్న ప్రశ్నకు జవాబు చెప్పాలి. ఆ ప్రశ్నకు భయపడే చాలామంది బస్సెక్కరు.

సహాయ కార్యక్రమాలు లేవని మేము అనడం లేదు. 181 మహిళా హెల్ప్‌లైన్ ఉంది. వైద్యం, పోలీసు సాయం, న్యాయ సలహా, కొద్ది రోజుల ఆశ్రయం ఒకేచోట అందించే సఖి వన్ స్టాప్ కేంద్రాలు 2015 నుంచి దేశమంతటా ఏర్పడుతూ వచ్చాయి. మన రాష్ట్రంలో 2019లో గ్రామ సచివాలయాలు వచ్చినప్పుడు వాటిలో మహిళా పోలీసులను నియమించారు. అంతకు చాలా ముందే, వెలుగు, ఇందిరా క్రాంతి పథం రోజుల్లో, పొదుపు సంఘాల సమాఖ్యలు సామాజిక కార్యాచరణ కమిటీలు పెట్టుకుని కుటుంబ తగాదాల్లో స్త్రీల పక్షాన నిలబడ్డాయి. కొన్ని స్వచ్ఛంద సంస్థలు, కొన్ని సంఘాలు కూడా కౌన్సెలింగ్ నడుపుతున్నాయి. ఇవన్నీ మంచి పనులే. అయితే ఇవి నిజంగా ఫలిస్తున్నాయో లేదో దేనిని బట్టి తేల్చాలి? ఈ వారం మా మాట దాని గురించే.

ఇలాంటి కార్యక్రమాల నివేదికల్లో మామూలుగా కనిపించే అంకెలు మూడు: ఎన్ని ఫిర్యాదులు వచ్చాయి, ఎందరికి కౌన్సెలింగ్ జరిగింది, ఎన్ని పరిష్కారమయ్యాయి. ఈ మూడో అంకె దగ్గరే చిక్కు. "పరిష్కారం" అన్న మాట కింద ఎక్కువగా చేరేది రాజీ. భార్యాభర్తలను కూర్చోబెట్టి మాట్లాడాం, ఆమె తిరిగి కాపురానికి వెళ్లింది, కేసు ముగిసింది. మన సంఘాల్లో చెప్పుకొనే సాక్ష్యం కూడా ఇదే తీరున ఉంటుంది: "విడిపోయిన కుటుంబాన్ని ప్రభువు కలిపాడు." కుటుంబం కలవడం సంతోషించవలసిన సంగతే. కానీ ఆమె తిరిగి వెళ్లిన ఆరు నెలలకు ఆ ఇంట్లో ఏం జరుగుతోందో ఎవరైనా వెళ్లి అడిగారా? అడగకుండా దాన్ని విజయాల పట్టీలో రాసుకుంటే, ఆ రాజీతో దెబ్బలు ఆగాయో, ఫిర్యాదు మాత్రమే ఆగిందో మనకు ఎప్పటికీ తెలియదు.

చట్టం ఈ ప్రమాదాన్ని ముందే ఊహించింది. 2006లో వచ్చిన నియమాలు కౌన్సెలింగ్‌కు కొన్ని హద్దులు గీశాయి. తగాదాతో సంబంధం ఉన్నవారు, ఇరుపక్షాలలో ఎవరికైనా బంధువులైనవారు కౌన్సెలర్‌గా కూర్చోకూడదు. అందరూ రాతపూర్వకంగా ఒప్పుకుంటేనే మినహాయింపు. వీలైనంత వరకు కౌన్సెలర్లు స్త్రీలై ఉండాలి. "అన్నం వేళకు పెట్టలేదు, అందుకే కొట్టాను" లాంటి సాకులు చెప్పుకొనే అవకాశం భర్తకు అక్కడ ఇవ్వకూడదు. హింస మళ్లీ జరగదన్న హామీ అతని నుంచి తీసుకోవాలి. ఇప్పుడు మన ఊళ్లలో జరిగే పెద్దమనుషుల పంచాయితీని దీని పక్కన పెట్టి చూడండి. కూర్చునేది పురుషులే. వారిలో ఒకరు భర్తకు మేనమామో పెదనాన్నో అవుతారు. మాట్లాడేది ఎక్కువగా అతని సాకు గురించే. చివరకు హామీ ఇచ్చేది ఆమె: "ఇకమీద ఎదురు మాట్లాడను" అని. ఏ కార్యక్రమమైనా ఈ పంచాయితీనే కౌన్సెలింగ్ అని పేరు మార్చి నడిపితే, ఎన్ని వందల "పరిష్కారాలు" చూపినా దాన్ని మంచి కార్యక్రమం అనలేం.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పే అంకెలు చూడండి. 2019-21 సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 18 నుంచి 49 ఏళ్ల మధ్య పెళ్లయిన స్త్రీలలో 30 శాతం మంది భర్త చేతిలో హింసను ఎదుర్కొన్నవారే. అదే సర్వేలో, ఏదో ఒక కారణానికి భర్త భార్యను కొట్టడం సబబేనని మన రాష్ట్రంలో 83 శాతానికి పైగా స్త్రీలే చెప్పారు. దేశం మొత్తం మీద హింసకు గురైన స్త్రీలలో సహాయం కోరినవారు 14 శాతం. ఎవరికీ చెప్పనివారు, సాయం అడగనివారు 77 శాతం. ఈ మౌనాన్ని లెక్కలోకి తీసుకుంటే ఒక సంగతి స్పష్టమవుతుంది. ఒక మండలంలో ఫిర్యాదులు తగ్గితే హింస తగ్గిందని అనుకోకూడదు. కొత్త కార్యక్రమం మొదలైన ఏడాది ఫిర్యాదులు పెరిగితే, అది మంచి గుర్తు కావచ్చు. ఇన్నాళ్లూ నోరు విప్పనివారు విప్పుతున్నారన్నమాట.

మరి వచ్చినవారు ఎవరు, రానివారు ఎవరు? ఈ ప్రశ్న వేయని మూల్యాంకనం సగమే. బస్సు దారిలోని పెద్ద ఊళ్ల నుంచి, చదువుకున్న ఇళ్ల నుంచి కొందరు వస్తారు. శివారు కాలనీల నుంచి, తండాల నుంచి, యానాదుల గుడిసెల నుంచి ఎందరు వచ్చారు? మిరప కోతల కాలంలో ఇతర జిల్లాల నుంచి కుటుంబాలతో సహా కూలీలు ఈ ప్రాంతానికి దిగుతారు. పొలం గట్టున పరదా కింద కాపురముండే ఆ స్త్రీ కొట్టించుకుంటే ఎవరికి చెప్పుకోవాలి? "మీ ఊరికి పోయి కేసు పెట్టుకో" అని ఆమెను తిప్పి పంపడం తప్పు. ఆమె తాత్కాలికంగా ఉంటున్నచోట, పని చేస్తున్నచోట ఉన్న మేజిస్ట్రేటు ముందుకు కూడా వెళ్లవచ్చని చట్టం 27వ సెక్షన్ చెబుతోంది. కూలి డబ్బులు లాక్కోవడం, తిండికి ఇవ్వకపోవడం కూడా ఆర్థిక హింసగా ఆ చట్టంలో ఉన్నాయి. చట్టం భార్యకే పరిమితం కాదు. ఒకే ఇంట్లో ఉంటూ కొడుకు చేత దెబ్బలు తినే తల్లికి, అన్న చేత గెంటించుకునే చెల్లికి కూడా అది వర్తిస్తుంది. దివ్యాంగులైన స్త్రీలు, ముసలి తల్లులు ఏ రిజిస్టరులోనూ కనిపించకపోతే, ఆ ఖాళీని కూడా నివేదికలో రాయాలి.

ఇక్కడ సంఘం సంగతికి వద్దాం. ఈ ప్రాంతానికి క్రైస్తవ పరిచర్య వచ్చి చాలాకాలమైంది. హేయర్ దొర 1842లో గుంటూరుకు వచ్చి, 1849లో గురజాలకు చేరారు. ఆ మిషన్ల కాలంలో బైబిల్ స్త్రీలు ఇంటింటికీ నడిచి వెళ్లి, పరాయి మగవారు అడుగుపెట్టలేని లోపలి గదుల్లో కూర్చుని స్త్రీల మాట విన్నారు. నేటికీ స్త్రీల సమాజపు అక్కలు వెళ్లగలిగిన ఇళ్లకు ఏ అధికారీ వెళ్లలేరు. అందుకే కొట్టించుకున్న స్త్రీ చాలాసార్లు మొదట చెప్పుకునేది పాస్టరమ్మ గారికే. అప్పుడు ఆమెకు దొరికే జవాబు "ఓర్చుకో తల్లీ, ప్రార్థన చెయ్యి, ఆయన మారతాడు" అన్నంతవరకే అయితే, ఆమె మరోచోటికి వెళ్లదు. ప్రార్థన చేయాలి. ఆమెను ఆ రాత్రి క్షేమంగా ఎక్కడ ఉంచాలో కూడా చూడాలి.

రెండవ సమూయేలు 13వ అధ్యాయంలో తామారు కథ మనకు తెలుసు. ఆమె అన్న ఆమెను మాట్లాడకుండా ఉండమన్నాడు. తండ్రి దావీదుకు కోపం వచ్చింది, అంతటితో ఆగిపోయాడు. ఆమె అన్న ఇంట్లో ఒంటరిగా మిగిలిపోయింది. రాజకుటుంబం పరువు ఆ రోజుకు నిలిచినట్టే కనిపించింది. ఆ మౌనం తరువాత ఎంత రక్తపాతానికి దారితీసిందో వాక్యం చదివినవారికి చెప్పనవసరం లేదు. మంచి సమరయుని ఉపమానం మరో దారి చూపుతుంది. అతడు గాయాలు కట్టి వెళ్లిపోలేదు. పూటకూళ్లవానికి డబ్బిచ్చాడు, తిరిగి వస్తానని మాట ఇచ్చాడు. ఏ సహాయ కార్యక్రమానికైనా అసలు పరీక్ష ఆ తిరిగి రావడంలోనే ఉంది.

క్రైస్తవ స్త్రీకి చట్టం దగ్గర కూడా చాలాకాలం అన్యాయం జరిగింది. 1869 నాటి విడాకుల చట్టం ప్రకారం భర్త క్రూరత్వం ఒక్కటే ఆమెకు విడాకులకు చాలేది కాదు. 2001 సవరణతో అది మారింది. విడాకులు మా అభిమతమని దీని అర్థం కాదు. గృహహింస చట్టం కింద రక్షణ కోరడానికి విడాకులు కోరనక్కరలేదు. అదే ఇంట్లో ఉండే హక్కు, కొట్టకూడదన్న ఉత్తరువు, పోషణ ఖర్చు, పిల్లల సంరక్షణ ఇవన్నీ అడగవచ్చు. దరఖాస్తు అందిన మూడు రోజుల్లోపు మొదటి విచారణ తేదీ ఉండాలని, 60 రోజుల్లో ముగించడానికి ప్రయత్నించాలని చట్టం చెబుతోంది. కార్యక్రమాన్ని అంచనా వేసేవారు ఈ గడువులతోనే నిజాన్ని పోల్చి చూడాలి. ఉత్తరువును భర్త మీరితే ఏడాది వరకు జైలు లేదా 20 వేల రూపాయల వరకు జరిమానా లేదా రెండూ పడవచ్చు. ఇది తెలిస్తే కొన్ని చేతులు లేవకముందే ఆగుతాయి.

కాబట్టి నకరికల్లులో గానీ మరెక్కడ గానీ, ప్రభుత్వం నడిపినా సంఘం నడిపినా, ఇలాంటి కార్యక్రమాన్ని ఐదు ప్రశ్నలతో తూచమని మేము కోరుతున్నాం. సాయం కోరిన స్త్రీని నెలకు, మూడు నెలలకు, ఆరు నెలలకు విడిగా కలిసి "నీవు క్షేమంగా ఉన్నావా?" అని అడిగారా? తిరిగి వెళ్లాలా వద్దా అన్న నిర్ణయం ఆమెదేనా, పెద్దలదా? శివారు కాలనీల, తండాల, వలస కూలీల స్త్రీలు ఎందరు వచ్చారు? ఆమె చెప్పిన మాట ఊరంతా పాకకుండా గుట్టుగా ఉందా? రాత్రి పూట బయటికి వచ్చేస్తే ఆమెకు పడుకోవడానికి చోటుందా?

సంఘాలు ఈ వారమే చేయగల పనులు కూడా కొన్ని ఉన్నాయి. 181, అత్యవసరానికి 112, న్యాయ సేవల హెల్ప్‌లైన్ 15100 నంబర్లను మందిరం గోడ మీద, స్త్రీల కూడిక జరిగే గదిలో రాసి పెట్టండి. ఆదాయంతో పనిలేకుండా ప్రతి స్త్రీకీ ఉచిత న్యాయ సహాయం హక్కు అని ప్రకటనల్లో చెప్పండి. మాట దాచగల ఇద్దరు స్త్రీలను, పెద్ద కుటుంబాలకు బంధువులు కానివారిని, ఈ పనికి ఎంచుకోండి. కానుకల్లోంచి బస్సు ఛార్జీలకు, ఒక పూట కూలికి సరిపడా చిన్న మొత్తం పక్కన పెట్టండి. హింస జరుగుతోందని తెలిసిన ఎవరైనా రక్షణాధికారికి తెలియజేయవచ్చు. మంచి ఉద్దేశంతో తెలిపినవారి మీద కేసు ఉండదని 4వ సెక్షన్ భరోసా ఇస్తోంది. పాస్టర్లకూ ఆ భరోసా ఉంది. భార్యను కొట్టే వ్యక్తి సంఘ పెద్ద అయితే, అతని వంతు బల్ల దగ్గరి సేవ ఆపడానికి వెనుకాడవద్దు.

"సంసారం గుట్టు, వ్యాధి రట్టు" అంటారు మన పెద్దలు. ఇంటి సంగతి దాచుకోవాలి, రోగం మాత్రం పదిమందికి చెప్పుకోవాలి, అప్పుడే మందు దొరుకుతుంది. కొట్టడాన్ని మనం ఇంతకాలం ఈ సామెతలో మొదటి సగం కింద చేర్చాం. అది రెండో సగానికి చెందినది. దాన్ని వ్యాధిగా చెప్పుకోగలిగిన స్త్రీకి వైద్యుడి దాకా తోడు వెళ్లడం, తరువాత ఆమె ఎలా ఉందో మళ్లీ మళ్లీ చూసి రావడం సంఘం బాధ్యత. వచ్చే సంవత్సరాంతపు నివేదికలో "ఎన్ని కుటుంబాలను కలిపాం" అన్న వరుస పక్కనే "ఎందరు స్త్రీలు క్షేమంగా ఉన్నారు" అన్న వరుస కూడా రాయండి. ఆ అంకె మొదట చిన్నదిగా ఉన్నా సరే, నిజమైనదై ఉండాలి.