హోసూరు పాత గులాబీకి వారసులెవరు?

హోసూరులో రెండు వేల ఎకరాల్లో అంతర్జాతీయ విమానాశ్రయం నిర్మిస్తామని తమిళనాడు ముఖ్యమంత్రి 2024 జూన్‌లో శాసనసభలో ప్రకటించారు. అది మొదలు సరిహద్దు గ్రామాల్లో భూముల ప్రస్తావన లేని రచ్చబండ లేదు. ఎకరం వెల, బోరుబావి వెల, కొబ్బరిచెట్టు వెల లెక్కకు వస్తున్నాయి. తోటలో తాతల నాటి గులాబీ పొద మాత్రం ఏ లెక్కలోనూ లేదు.

హోసూరు గులాబీ అనగానే బయటివారికి స్ఫురించేది ఫిబ్రవరి 14కు ఎగుమతయ్యే తాజ్‌మహల్ ఎర్ర గులాబీ. పాలీహౌసుల్లో పెరిగే ఆ పూవు పొడవాటి కాడతో, ఇరవయ్యేసి చొప్పున కట్టలుగా అమ్ముడవుతుంది. దానికి కంపెనీలున్నాయి, ఎగుమతిదారులున్నారు. దండలకు, పూజలకు కిలోల లెక్కన తూగే పన్నీరు గులాబీకి రైతుకుటుంబం తప్ప దిక్కు లేదు.

ఈ పాత రకాల్లో ‘ఎడ్వర్డ్’ చరిత్ర ఆసక్తికరమైనది. నాడు బోర్బన్ అని పిలువబడిన రీయూనియన్ దీవిలో, పంతొమ్మిదో శతాబ్ది తొలినాళ్లలో చైనా గులాబీ, డమాస్కు గులాబీల సహజ సంకరంగా పుట్టిన వర్గానికి ఇది చెందినదని భావిస్తారు. సముద్రం దాటివచ్చిన ఈ పూవును మన పల్లెలు నాటు గులాబీగానే ఎంచుకున్నాయి, తప్పేమీ లేదు.

రాగులవలె గులాబీని విత్తనం కట్టి దాచలేము. విత్తనంనుండి మొలిచిన మొక్క తల్లిని పోలి ఉండదు. కొమ్మ నాటడమో, అంటు కట్టడమో తప్ప ఆ రకాన్ని నిలుపుకొనే మార్గం రైతుకు లేదు. అంటు మొక్కతో మరొక చిక్కు: పైకొమ్మ ఎండిపోయి క్రింది వేరుమొక్క చిగిర్చితే, పొద పచ్చగానే ఉంటుంది, పూవు మాత్రం వేరొకటి పూస్తుంది. పాత రకం పోయిన సంగతి ఇంటివారికి ఏండ్ల తరబడి తెలియకపోవచ్చు.

రైతులు సంప్రదాయంగా సాగుచేసి అభివృద్ధిపరచిన రకాలను నమోదు చేసుకొనే వీలును 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం కల్పించింది. రైతురకాలకు నమోదు రుసుము లేదు. పాత రకాలను కాపాడిన రైతులకు, రైతు సమూహాలకు పురస్కారాలు కూడా ఉన్నాయి. మంచిదే. కాని వేరే దేశంలో పుట్టిన ఎడ్వర్డ్ వంటిది రైతురకంగా నిలుస్తుందా అన్నది సందేహమే. పైగా నమోదు పత్రం పొదకు నీరు పోయదు.

కొడైకెనాల్‌లో పాత గులాబీలను సేకరించి పెంచిన వీరరాఘవన్ దంపతుల కృషి ప్రపంచ గులాబీ ప్రియులకు సుపరిచితం. ఆయన పూర్వం ఆంధ్రప్రదేశ్‌లో ఐ.ఏ.ఎస్. అధికారి. అటువంటి తోట ప్రతి తాలూకాలో వెలుస్తుందని ఎదురుచూడనక్కరలేదు. అక్టోబరు, నవంబరు కత్తిరింపులలో పారవేసే కొమ్మలలో పెన్సిలు లావున, జానెడు పొడవున, మూడు నాలుగు కణుపులున్నవి ఏరి నాటితే చాలు. భూమి అమ్మదలచిన కుటుంబం ఆ పని రిజిస్ట్రేషనుకు ఒక ఏడాది ముందే చేసి, వేళ్లూనిన మొక్కలను కనీసం రెండు వేర్వేరు ఊళ్ల బంధువుల పెరళ్లకు పేరు చెప్పి మరీ పంపాలి.