టెలివిజన్ వెనక మోతీ ఏం వెతికింది?



మొన్న నేను కాజీపేటలో ఒక స్నేహితుడి ఇంటికి వెళ్ళాను. వాళ్ళ ఇల్లు రైలుకట్టకు దగ్గిర. కాజీపేట పెద్ద జంక్షను కదా! పగలనక రాత్రనక ఏదో ఒక రైలు కూత వేస్తూనే ఉంటుంది. ఆ ఇంట్లో పదమూడేళ్ళ కుర్రవాడూ, తొమ్మిదేళ్ళ వాడి చెల్లెలూ ఉన్నారు. వాళ్ళతోపాటు మోతీ అనే నాటుకుక్క కూడా పెరుగుతున్నది.

నేను వెళ్ళేసరికి మోతీ గడప దగ్గిర ముడుచుకుని పడుకుని ఉన్నది. ఇల్లదిరేటట్టు ఒక గూడ్సుబండి పోయింది. మోతీ చెవి కూడా కదపలేదు.

అంతలో కుర్రవాడు టెలివిజన్ పెట్టాడు. అందులో ఒక కుక్క "భౌ" మన్నది. అంతే! మోతీ చెంగున లేచి, టీవీ ముందుకు వచ్చి మొరగసాగింది. కాసేపు ఆ బొమ్మకేసి చూసింది. తరవాత గబగబా బల్ల చుట్టూ తిరిగి, టీవీ వెనక్కు పోయి, మూలమూలా వాసన చూసింది. అక్కడ తీగలు తప్ప ఏమీ లేవు. చెవులు వాల్చుకుని తిరిగివచ్చింది.

కుర్రవాడు పగలబడి నవ్వాడు. "చూశారా, తాతగారూ! పది రోజులుగా ఇదే పని. టీవీలో కుక్క ఉండదని దీనికి ఇంకా తెలియలేదు. వట్టి తెలివితక్కువది!" అంటూ అదే బొమ్మ మళ్ళీ పెట్టబోయాడు.

చెల్లెలు వాడి చేతిలోని రిమోటు గట్టిగా పట్టుకున్నది. "వద్దన్నా! తాతగారూ, వీడు స్నేహితులను పిలుచుకొచ్చి రోజూ దీన్ని ఇట్లాగే ఏడిపిస్తున్నాడు. రాత్రిళ్ళు అది సరిగా పడుకోవడం లేదు. నిన్న అన్నం కూడా సగం వదిలేసింది," అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నది.

వంటింట్లోనుంచి వాళ్ళమ్మ వచ్చింది. "నిన్న ఈ కుక్క దూకితే టీవీ కిందపడబోయింది, బాబాయిగారూ. ఇక నావల్ల కాదు. ఆదివారంనాడు దీన్ని మా తమ్ముడివాళ్ళ పొలానికి పంపించేస్తాను," అన్నది.

ఆ మాట వినగానే కుర్రవాడి నవ్వు ఆగిపోయింది.

"అమ్మా, ఆదివారానికి ఇంకా నాలుగు రోజులున్నది. ముందు మోతీకి ఆ పెట్టెలో ఏం కనిపిస్తున్నదో, ఏం వినిపిస్తున్నదో తెలుసుకుందాం," అన్నాను నేను. మోతీని అడిగితే చెప్పదు. కనక పరీక్ష చేయవలసిందే.

మోతీకి జొన్నరొట్టె ముక్క పెట్టి, కాస్త నెమ్మదించనిచ్చాం. మొదట టీవీ గొంతు పూర్తిగా నొక్కేసి, కుక్కబొమ్మ ఒక్కటే చూపించాం. మోతీ తల ఎత్తి చూసింది, మళ్ళీ దించుకున్నది. ఇంకాస్సేపు ఆగి, టీవీ ఆర్పేసి, పక్కగదిలో ఫోనులో కుక్క అరుపు ఒక్కసారి వినిపించాం. మోతీ తిన్నగా ఆ గదిలోకి పరిగెత్తింది! మూడోసారి, టీవీలో రైలు బొమ్మను కూతతో సహా చూపించాం. మోతీ ఆవలించి కళ్ళు మూసుకున్నది.

"రైలుకూత ఇంకా పెద్దది కదా, తాతగారూ? దానికి ఎందుకు లేవలేదు?" అన్నది చెల్లెలు.

మంచి ప్రశ్న! మోతీ పుట్టినప్పటినుంచి రైలుకూతలు వింటున్నది. వాటివల్ల దానికి మేలూ లేదు, కీడూ లేదు. అటువంటి చప్పుడును మెదడు పట్టించుకోవడం మానేస్తుంది. కాని కుక్క అరుపు అట్లా కాదు. "ఎవరో కొత్తవాడు మన ఇంట్లోకి వచ్చాడు" అని దానికి అర్థం. ఇంటికి కాపలా కాసే జీవి ఆ మాట విని ఎట్లా ఊరుకుంటుంది?

అయితే ఒక్క మోతీని చూసి కుక్కలన్నీ ఇంతే అనకూడదు. అమెరికాలో ఆబర్న్ విశ్వవిద్యాలయంవారు 453 కుక్కల సంగతి వాటి యజమానులను అడిగి తెలుసుకుని, 2025లో ప్రకటించారు. టీవీలో కుక్కల అరుపులూ, ఏడుపులూ వినిపిస్తే వాటిలో నూటికి 45 కుక్కలు ప్రతిసారీ స్పందిస్తాయట. హుషారైన కుక్కలు తెరమీద పరిగెత్తే వస్తువు తెర దాటిపోయినా, అది ఇంకా ఎటో పోతున్నట్టు వెతుకుతాయట. భయస్థులైన కుక్కలు తలుపుగంటకూ, మోటారు హారనుకూ ఎక్కువ కలవరపడతాయట. అంటే కుక్కలకు కూడా మనలాగే వేరువేరు స్వభావాలున్నాయి.

ఇక బొమ్మ సంగతి చూద్దాం. టీవీలో నిజంగా కదిలే బొమ్మ ఒక్కటీ లేదు. కదలని బొమ్మలే ఒకదాని తరవాత ఒకటి అతివేగంగా వస్తాయి. దీపావళినాడు మీరు కాకరపువ్వొత్తి గిరగిరా తిప్పినప్పుడు వెలుగుచక్రం కనిపిస్తుంది కదూ? అక్కడ చక్రమేమీ లేదు. నిప్పు ఒక చోటినుంచి మరో చోటికి పోయేలోపల మన కన్ను దాన్ని మరిచిపోలేక కలిపేసుకుంటుంది. టీవీలో వరసగా వచ్చే బొమ్మలను కూడా మన మెదడు ఒకే కదలికగా కలిపేసుకుంటుంది.

వెనకటి లావుపాటి టీవీపెట్టెలు మన దేశంలో సెకండుకు 50 సార్లు వెలిగి ఆరేవి. మన కంటికి అది దాదాపు ఎడతెగని వెలుగు. కుక్క కన్ను మన కంటికన్న చురుకైనది. వెలుగు సెకండుకు సుమారు 75 సార్లు వస్తేగాని అది ఎడతెగకుండా ఉన్నట్టు దానికి తోచదు. 1987లో ఆదివారం ఉదయం టీవీలో రామాయణం వస్తే, వాడవాడంతా ఒక ఇంట్లో చేరి చూసేవారు. ఆ ఇంటి కుక్కకు మాత్రం ఆ తెర మిణుకు మిణుకుమంటూ కనిపించి ఉంటుంది. ఇప్పటి పలకలవంటి టీవీలు అట్లా ఆరి వెలగవు. బొమ్మ మారేదాకా వెలుగు నిలిచే ఉంటుంది. అందుచేత ఈ టీవీలలో బొమ్మలు కుక్కలకు మునుపటికన్న బాగా కనిపిస్తాయి.

కాని రంగులు మనకు కనిపించినట్టు కనిపించవు. మన కంట్లో రంగులు పోల్చే కణాలు మూడు రకాలు. కుక్క కంట్లో రెండే రకాలు. నీలమూ పసుపూ దానికి బాగా తెలుస్తాయి. ఎరుపుకూ ఆకుపచ్చకూ తేడా సరిగా తెలియదు. మన వరంగల్లు ఎనుమాముల మార్కెట్టులో ఎర్రగా మెరిసిపోయే మిర్చిరాశి పక్కన పచ్చగడ్డి మోపు పెడితే, కుక్కకు రెండూ ఇంచుమించు ఒకటే మసకరంగుగా ఉంటాయి. దాని చూపు కూడా మనంత నిశితం కాదు. మంచి చూపుగలవాడు 75 అడుగుల దూరంనుంచి పోల్చగల దాన్ని కుక్క 20 అడుగుల దగ్గిరికి వచ్చిగాని పోల్చలేదని లెక్క కట్టారు.

మరి కుక్క తెరమీద దేన్ని గమనిస్తుంది? అమెరికాలోనే ఎమరీ విశ్వవిద్యాలయంలో డెయిజీ, భూబో అనే రెండు కుక్కలకు, మెదడు పనిచేసే తీరు తెలిపే ఎం.ఆర్.ఐ. యంత్రంలో కదలకుండా పడుకోవడం నేర్పారు. వాటిని కట్టివేయలేదు, మత్తుమందు ఇవ్వలేదు. వాటికి సినిమాలు చూపిస్తూ మెదడును పరీక్షించారు. ఈ సంగతి 2022లో బయటికి వచ్చింది. తెరమీద ఉన్నది మనిషా, కుక్కా, బండా అనేదానికన్న, అక్కడ ఏం జరుగుతున్నది, అంటే తినడమా, ఆడడమా, వాసన చూడడమా అనేదే ఆ కుక్కల మెదళ్ళలో స్పష్టంగా కనిపించింది. అవి రెండే కుక్కలు కనక, మిగతావాటి సంగతి ఇంకా తేలవలసి ఉన్నది.

ఇంతకూ మోతీ టీవీ వెనక్కు ఎందుకు పోయింది? అక్కడే ఉన్నది అసలు కిటుకు. మన ముక్కులో వాసన పట్టే కణాలు సుమారు 50 లక్షలు. కుక్క ముక్కులో 20 కోట్లకు పైగా ఉన్నాయి. మనం ఏదైనా వింటే, "ఏదీ, చూడనీ" అంటాం. కుక్క చెవితో విని, కంటితో చూసి, చివరకు ముక్కుతో తేల్చుకుంటుంది. మోతీకి అరుపు వినిపించింది, రూపమూ కనిపించింది. కాని కుక్కవాసన మాత్రం లేదు! "ఉంటే ఎదటయినా ఉండాలి, వెనకయినా ఉండాలి" అని అది వెతికింది. దాన్ని తెలివితక్కువ అంటామా? సాక్ష్యం చాలకపోతే మరోవైపునుంచి వెతకడం పోలీసు పట్టేదారులు చేసే పనే కదా!

ఇట్లా యంత్రంముందు నిలబడిన కుక్కలలో అన్నిటికన్న పేరు పొందినది నిప్పర్. అది 1884లో ఇంగ్లండులో బ్రిస్టల్ నగరంలో పుట్టింది. అది చనిపోయాక, ఫ్రాన్సిస్ బారౌడ్ అనే చిత్రకారుడు, యంత్రం గొట్టంలోనుంచి వచ్చే గొంతును అది తల వాల్చి వింటున్నట్టు బొమ్మ వేశాడు. 1899లో గ్రామఫోను కంపెనీవారు ఆ బొమ్మను కొన్నారు. మీ ముత్తాతల కాలంలో మన ఇళ్ళలో మోగిన ఎన్నో గ్రామఫోను రికార్డులమీద ఉన్నది ఆ కుక్కే.

ఇదంతా విని కుర్రవాడు చాలాసేపు మాట్లాడలేదు. చివరకు, "అయితే తాతగారూ, పది రోజులుగా మోతీ ఇంట్లో దొంగకుక్క ఉన్నదనుకుంటూనే ఉన్నదా?" అన్నాడు.

"అది ఏమనుకుంటున్నదో మనకు పూర్తిగా తెలియదు, నాయనా. నిద్రపోలేదు, అన్నం తినలేదు. అది మాత్రం తెలుసు," అన్నాను.

వాడు లేచి, ఆ కుక్కబొమ్మను టీవీలోనుంచీ ఫోనులోనుంచీ తీసేశాడు. మర్నాడు వాళ్ళ నాన్న టీవీని బల్లమీదినుంచి తీయించి, గోడకు ఎత్తుగా బిగించాడు. టీవీలో ఎప్పుడయినా కుక్క అరిస్తే, చెల్లెలు గొంతు తగ్గించి, "మోతీ, రా!" అని పిలిచి రొట్టెముక్క పెట్టసాగింది. ఆదివారానికి మోతీ మళ్ళీ కడుపునిండా తిన్నది. ఆ ఆదివారం అమ్మ దాన్ని పొలానికి పంపలేదు. "ఇంకో నెల చూస్తాను," అన్నదట.

మీ ఇంట్లో కూడా కుక్క ఉంటే, అది టీవీ చూసేటప్పుడు దాని తోకా, చెవులూ గమనించండి. తోక ఊపుతూ చూస్తే దానికి అది ఆటే. తోక కాళ్ళమధ్య పెట్టుకున్నా, చెవులు వెనక్కు వాల్చినా, మాటిమాటికీ మూతి నాక్కున్నా అది కలవరపడుతున్నదన్నమాట. వెంటనే గొంతు తగ్గించండి, లేదా ఆపేయండి. అది వేరే గదిలోకి పోతానంటే పోనివ్వండి. అప్పటికీ బెదురు తగ్గకపోతే పెద్దవాళ్ళతో చెప్పి పశువైద్యుడికి చూపించండి. వరంగల్లు పిల్లలకు దగ్గిరలోనే, మామునూరులో, పశువైద్య కళాశాల కూడా ఉన్నది.

నేను సెలవు పుచ్చుకుని బయలుదేరుతూంటే మోతీ వచ్చి నా చెప్పులను వాసన చూసింది. ఒకటి అయిపోయాక రెండోది. నేను ఏ వీధులు తిరిగానో, దారిలో ఏ కుక్క నన్ను పలకరించిందో, దానికి ఆ చెప్పులు చెబుతున్నాయి కాబోలు. టీవీముందు ఒక్క నిమిషం నిలవని మోతీ, నా చెప్పులదగ్గిర ఐదు నిమిషాలు నిలబడింది. అది పూర్తయ్యేదాకా నేను కూడా కదలకుండా నిలబడ్డాను.